గోళీ ఎక్కడం లేదు, దిగుతోంది

మొన్న వేసవి సెలవుల్లో మా అన్నయ్య కొడుకు మా ఇంటికి వచ్చాడు. తొమ్మిదో తరగతి అయిపోయి పదిలోకి వెళ్లబోతున్నాడు. వచ్చిన రెండో రోజే భోజనాల బల్ల ఖాళీ చేయించాడు. మూరెడు పొడవున్న అల్యూమినియం ఛానెల్ ముక్క, బొటనవేలి గోరంత బిళ్ల అయస్కాంతాలు ఇరవై, రెండు చెక్క స్కేళ్లు, డబుల్ సైడ్ టేపు, మెకానిక్ షెడ్డులో అడిగి తెచ్చుకున్న బేరింగు గోళీ ఒకటి. ఇదీ వాడి సరంజామా.

ఛానెల్ ఒక చివరను నోట్‌బుక్కు మీద ఆనించి కాస్త వాలుగా నిలిపాడు. దానికి అటొకటి ఇటొకటి స్కేళ్లు నిలబెట్టి, వాటికి అయస్కాంతాలు వరసగా అంటించాడు. ఒక వరసలో ఉత్తర ధ్రువాలు లోపలికి చూస్తున్నాయి, ఎదుటి వరసలో దక్షిణ ధ్రువాలు. స్కేళ్లు కింద ఎడంగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతున్నాయి. పైనుంచి చూస్తే గరాటులా ఉంది. గోళీని కింది చివర పెట్టి చెయ్యి తీశాడు. అది ఒక్క క్షణం తటపటాయించి, మెల్లగా కదిలి, వేగం పుంజుకుని, ఎవరూ తొయ్యకుండానే వాలు పైకి ఎక్కింది. పై అంచు దాటి టప్పున బల్ల మీద పడింది.

"బాబాయ్, చూశావా! బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఇలాంటివి నాలుగు గుండ్రంగా పెడితే గోళీ తిరుగుతూనే ఉంటుంది కదా?"

చాలా మంచి ప్రశ్న. శక్తి నిత్యత్వ నియమం వాడు బడిలో చదివే ఉన్నాడు. పరీక్షలో అడిగితే తప్పు లేకుండా రాస్తాడు. కానీ కంటి ముందు గోళీ ఎక్కుతుంటే, పుస్తకంలోని వాక్యం దానికి ఎలా వర్తిస్తుందో ఎవరూ చూపించలేదు. నియమాన్ని అప్పజెప్పి వాడి నోరు మూయించడం నాకు ఇష్టం లేకపోయింది. "పెట్టి చూద్దాం రా" అన్నాను. ఆ తర్వాత మూడు రోజులు ఆ బల్ల మీద మేం చూసినవాటినీ, వాటి వెనకున్న కథనూ ఇక్కడ చెబుతాను.

ఇది కొత్త ఆట కాదు

ఈ ర్యాంపుకు ఒక పేరుంది. 1990ల్లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక ఔత్సాహికుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చి 'స్మాట్' అన్నాడు. సింపుల్ మ్యాగ్నెటిక్ ఓవర్‌యూనిటీ టాయ్ అన్న మాటల తొలి అక్షరాలవి. పెట్టిన శక్తి కంటే వచ్చే శక్తి ఎక్కువైతే దాన్ని ఓవర్‌యూనిటీ అంటారు. అంతకు ముందే 1980లో అమెరికాలో ఎమిల్ హార్ట్‌మన్ అయస్కాంతాల వరసలతో వస్తువును ముందుకు నడిపే ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నారు. నియోడిమియం అయస్కాంతాలు చవకై చిన్న బిళ్లలుగా దొరకడం మొదలయ్యాక ఈ ప్రయోగం ప్రపంచమంతా ఇళ్లలోకి వచ్చేసింది. రిటైరైన ఎలక్ట్రీషియన్లు, లేతు పనివాళ్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు గ్యారేజీల్లో, డాబాల మీద రాత్రిళ్లు కూర్చుని అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుపుతూ ఇదే పని చేస్తుంటారు.

ఆలోచన మాత్రం చాలా పాతది. 1648లో ఇంగ్లండులో జాన్ విల్కిన్స్ రాసిన 'మేథమెటికల్ మ్యాజిక్' అనే పుస్తకంలో ఇలాంటి యంత్రం బొమ్మ ఉంది. ఒక స్తంభం, దాని నెత్తిన బలమైన సూదంటురాయి, దాని దాకా వెళ్లే ఏటవాలు పలక, ఆ పలక పై చివర ఒక రంధ్రం, కింద వంపు తిరిగిన ఇంకో పలక. సూదంటురాయి ఇనుప గుండును పైకి లాగుతుంది. రంధ్రం దగ్గరికి రాగానే గుండు కిందికి జారి, వంపు పలక మీదుగా మొదటి చోటికి చేరుతుంది. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. విల్కిన్స్ ఆ బొమ్మ వేసి ఊరుకోలేదు. లోపం ఎక్కడుందో కూడా ఆయనే రాశాడు. గుండును వాలు మీదికి లాగగలిగినంత బలం ఆ రాయికి ఉంటే, మరింత దగ్గరగా ఉన్న రంధ్రం దగ్గర దాన్ని కిందికి పోనివ్వదు. పోనిచ్చేంత బలహీనమైన రాయైతే, అసలు పైకి లాగలేదు.

రెండో రోజు పొద్దున మా బల్ల మీద సరిగ్గా ఇదే జరిగింది.

రెండో ర్యాంపు దగ్గర ఏమైంది?

మా వాడు అదే కొలతలతో రెండో ర్యాంపు తయారుచేశాడు. మొదటి దాని చివర పడిన గోళీ నేరుగా రెండో దాని నోట్లోకి వెళ్లాలని వాడి ఉద్దేశం. గోళీ మొదటి ర్యాంపు చక్కగా ఎక్కింది. బల్ల మీద పడింది. పడి ముందుకు దొర్లలేదు. కాస్త ముందుకు వెళ్లి, ఎవరో వెనక్కి పిలిచినట్టు ఆగి, మొదటి ర్యాంపు చివరి అయస్కాంతాల కిందికి తిరిగి వచ్చి, అక్కడే అటూ ఇటూ ఊగి నిలబడిపోయింది. ఈ ప్రయోగాలు చేసేవాళ్లు దీన్ని 'స్టికీ పాయింట్' అంటారు. గోళీ అతుక్కుపోయే చోటు.

వాడు వాలు తగ్గించాడు. గోళీ వదిలించుకోలేదు. చివరి రెండు అయస్కాంతాలు పీకేశాడు. ఇప్పుడు పై అంచుదాకా రావడం మానేసింది. స్కేళ్లు కాస్త ఎడం చేశాడు. సగం ఎక్కి ఆగింది. సాయంత్రానికి ఒక్క మార్పు మాత్రం పనిచేసింది. మొదటి ర్యాంపు కింద రెండు లావు పుస్తకాలు పెట్టి, దాన్ని రెండో దానికంటే బాగా ఎత్తులో ఉంచాడు. అప్పుడు గోళీ మొదటి దాని నుంచి ఎక్కువ ఎత్తు పడి, ఆ ఊపుతో అయస్కాంతాల పట్టు విడిపించుకుని రెండో ర్యాంపు అందుకుంది.

"పనిచేసింది బాబాయ్!" అని అరిచాడు. వాడి ఆనందం చల్లారేదాకా ఆగి అడిగాను. "మూడోది పెట్టాలంటే?"

"దాన్ని ఇంకా కిందికి దించాలి."

"నాలుగోది?"

వాడు బల్ల అంచు వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. గుండ్రంగా పెడదామనుకున్న నాలుగు ర్యాంపులూ మెట్లుగా మారి కిందికి దిగుతున్నాయి. ఆ మెట్ల చివర నుంచి గోళీ మొదటి ర్యాంపు దగ్గరికి రావాలంటే ఎవరో ఒకరు వంగి, దాన్ని తీసి, పైన పెట్టాలి.

గట్టు దాటే నీళ్లు

ఇక్కడ ఒక పాత పల్లెటూరి విద్య గుర్తు చేసుకుందాం. కాలువలో నీళ్లున్నాయి. అవతల మడి ఉంది. మధ్యలో గట్టు. గట్టు తెంచకుండా నీళ్లు పెట్టాలంటే రైతు ఒక పైపు తీసుకుని దాన్నిండా నీళ్లు నింపి, ఒక కొస కాలువలో ముంచి, రెండో కొస గట్టు మీదుగా మడిలోకి వదులుతాడు. నీళ్లు వాటంతట అవే గట్టెక్కి అవతలకు దిగుతాయి. మోటారు అక్కర్లేదు.

గట్టెక్కే నీళ్లను మాత్రమే చూసేవాడికి ఇది అద్భుతం. నీళ్లు పల్లమెరుగు అన్న సామెతే అబద్ధమైనట్టు అనిపిస్తుంది. పైపు రెండు కొసలూ చూసినవాడికి విషయం తెలిసిపోతుంది. మడిలోని కొస కాలువ నీటి మట్టం కంటే కింద ఉంది కాబట్టే నీళ్లు కదులుతున్నాయి. ఆ కొసను నీటి మట్టం కంటే పైకి ఎత్తితే ధార ఆగిపోతుంది. మధ్యలో ఎక్కిన ఎత్తు లెక్కలోకి రాదు. మొదలు ఎక్కడ, చివర ఎక్కడ అన్నదే లెక్క.

అయస్కాంతపు ర్యాంపు కూడా ఇలాంటిదే. గోళీకి రెండు రకాల ఎత్తులున్నాయి. ఒకటి మన కంటికి కనిపించేది, నేల నుంచి కొలిచే ఎత్తు. రెండోది కంటికి కనిపించనిది. అయస్కాంతానికి దూరంగా ఉన్న ఇనుప ముక్క గట్టు మీద ఉన్నట్టు. దగ్గరైనకొద్దీ అది గోతిలోకి దిగుతున్నట్టు. ఎంత దగ్గరైతే అంత లోతు. భౌతిక శాస్త్రం ఈ రెండింటినీ స్థితిశక్తి అనే ఒకే పద్దులో రాస్తుంది.

ఇప్పుడు గోళీ ప్రయాణం మళ్లీ చూడండి. మా గోళీ బరువు సుమారు 7 గ్రాములు. ర్యాంపు మీద అది 2 సెంటీమీటర్లు ఎక్కితే నేల ఎత్తు పద్దులో దానికి ఖర్చు దాదాపు 1.4 మిల్లీజౌళ్లు. అదే సమయంలో స్కేళ్లు దగ్గరవుతున్న కొద్దీ అది అయస్కాంతపు గోతిలోకి అంతకంటే ఎక్కువ లోతుకు దిగుతోంది. రెండూ కలిపి చూస్తే గోళీ ఎక్కడం లేదు, దిగుతోంది. దిగుతోంది కాబట్టే తనంతట తాను కదులుతోంది. మన కన్ను ఒక ఎత్తును చూసి, రెండోదాన్ని చూడలేక ఆశ్చర్యపోతోంది.

పై అంచు దాటి బల్ల మీద పడ్డాక ఏమవుతుంది? బల్ల లెక్కలో గోళీ మొదలుపెట్టిన మట్టానికే వచ్చింది. అయస్కాంతాల లెక్కలో మాత్రం రాలేదు. మొదట్లో అది గరాటు వెడల్పు నోటి దగ్గర, గోతి అంచున ఉంది. ఇప్పుడు ఇరుకు చివర కింద, గోతిలో ఉంది. అక్కడి నుంచి బయటపడి మొదటి చోటికి చేరాలంటే, దిగేటప్పుడు సంపాదించిందంతా తిరిగి కట్టాలి. దొర్లుడులో, పడిన టప్పు శబ్దంలో, దాంతో పుట్టిన ఇసుమంత వేడిలో కొంత ఇప్పటికే ఖర్చయిపోయింది. జేబులో ఉన్నదానికంటే కట్టాల్సింది ఎప్పుడూ ఎక్కువే.

దారి మారిస్తే?

"దారి మారిస్తే బాబాయ్? వచ్చిన దారిన కాకుండా, అయస్కాంతాల బలం తక్కువగా ఉన్న పక్క నుంచి బయటికి తెస్తే?" అన్నాడు మా వాడు. ర్యాంపులతో ఏళ్లు గడిపినవాళ్లలో చాలామందిని పట్టి ఉంచే ఆశ ఇదే. దీనికి జవాబు తిరుమల కొండ చెబుతుంది.

తిరుపతి నుంచి కొండెక్కడానికి అలిపిరి మెట్ల దారి ఉంది, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి ఉంది, 2,388 మెట్లు. బస్సులు వెళ్లే ఘాట్ రోడ్డు ఉంది. ఒకటి నిటారు, ఒకటి సాగతీత, ఒకటి మెలికలు. తిరుపతిలోని ఒకే చోట బయల్దేరి ఏ దారిన వెళ్లినా, గుడి ముందు నిలబడ్డప్పుడు మీరు ఎక్కిన నికర ఎత్తు ఒక్కటే. సులువైన దారిన ఎక్కి నిటారు దారిన దిగితే మధ్యలో కాస్త ఎత్తు మిగుల్చుకోవచ్చని ఎవరూ అనుకోరు. బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఎక్కినదీ దిగినదీ చెల్లుకు చెల్లు. సులువైన దారి అంటే తక్కువ బలంతో ఎక్కువ దూరం నడవడం. లబ్ధం మారదు.

కదలకుండా బిగించిన అయస్కాంతాలు ఇనుప గోళీ చుట్టూ కట్టే కొండలూ గోతులూ ఇలాంటివే. ప్రతి బిందువుకూ ఒక ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తు మీరు అక్కడికి ఎలా వచ్చారన్న దాని మీద ఆధారపడదు. కాబట్టి ఒక పూర్తి చుట్టు తిరిగి మొదటి బిందువుకు చేరిన గోళీకి అయస్కాంతాల నుంచి నికరంగా దక్కేది సున్నా. ఘర్షణ దాన్ని సున్నా కంటే కిందికి దించుతుంది. అయస్కాంతాలు ఎన్ని పెట్టినా, ఏ కోణంలో తిప్పినా, ఆకర్షణకు బదులు వికర్షణ వాడినా లెక్క ఇంతే. కొండలు కలిపితే ఇంకో కొండే వస్తుంది, అడుగు లేని గొయ్యి రాదు.

అడ్డుతెర ఉపాయం కూడా కొందరు ప్రయత్నిస్తారు. గోళీ పైకి చేరగానే మధ్యలోకి ఇనుప రేకు జరిపితే అయస్కాంతాల పట్టు తగ్గుతుంది, గోళీ హాయిగా బయటపడుతుంది. నిజమే, తగ్గుతుంది. కానీ ఆ రేకును కూడా అయస్కాంతం లాగుతుంది. దాన్ని లోపలికి జరిపి, మళ్లీ బయటికి లాగి, తర్వాతి చుట్టుకు సిద్ధం చేసే పనికి ఖర్చయ్యే శక్తి, గోళీకి మిగిలినట్టు కనిపించిన దాన్ని తినేస్తుంది. పద్దు మారింది, అప్పు తీరలేదు.

అయస్కాంతమే ఇంధనమైతే?

చుట్టూ తిరిగితే మిగిలేది లేదు, సరే. కానీ అయస్కాంతంలోనే శక్తి దాగి ఉంది కదా, దాన్ని కొంచెం కొంచెంగా తోడుకోలేమా అని అడుగుతారు. ఇదీ సరైన ప్రశ్నే. జవాబు అంకెల్లో ఉంది.

ఇప్పుడు దొరికే మంచి నియోడిమియం అయస్కాంతాల సామర్థ్యాన్ని ఘనపు మీటరుకు సుమారు 400 కిలోజౌళ్లుగా కొలుస్తారు. వినడానికి పెద్ద అంకె. కానీ ఘనపు సెంటీమీటరు, అంటే పంచదార క్యూబు లాంటి ముక్కకు వచ్చేది అర జౌలు లోపే. వంద గ్రాముల వస్తువును 40 సెంటీమీటర్లు ఎత్తడానికి సరిపోయేంత. గోడ గడియారంలో వేసే ఏఏ ఆల్కలైన్ బ్యాటరీలో ఉండేది సుమారు 10,000 జౌళ్లు. అయస్కాంతంలోని శక్తినంతా పిండుకున్నా గడియారం ఎక్కువసేపు నడవదు. పైగా ఆ శక్తి పుట్టుకతో వచ్చింది కాదు. ఫ్యాక్టరీలో బలమైన విద్యుత్ ప్రవాహంతో దాన్ని అయస్కాంతీకరించినప్పుడు పెట్టిన పెట్టుబడి అది.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఇంధనం వాడితే తరుగుతుంది. బొగ్గు బూడిదవుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ర్యాంపు మీద గోళీని వెయ్యిసార్లు ఎక్కించినా అయస్కాంతం బలం తగ్గదు. తగ్గకపోవడాన్ని చూసి అది తరగని గని అనుకుంటారు. నిజానికి దాంట్లోంచి ఏమీ తీయడం లేదు కాబట్టి తగ్గడం లేదు. ప్రతిసారీ ఖర్చవుతున్నది గోళీని వెనక్కి తెచ్చిపెట్టిన చేతి బలం. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం ఏళ్ల తరబడి కాగితాన్ని పట్టుకుని ఉంటుంది, అలసిపోదు. గోడకు కొట్టిన మేకు కూడా క్యాలెండరును అలాగే మోస్తుంది. బలం వేరు, పని వేరు. కదలిక లేని బలం శక్తిని ఖర్చు చేయదు, ఇవ్వదు.

అతుక్కునే చోట కరెంటు

మూడో రోజు మా వాడికి ఒక మెరుపు మెరిసింది. "ఆ అతుక్కునే చోట మాత్రం మామూలు అయస్కాంతం కాకుండా విద్యుదయస్కాంతం పెట్టి, గోళీ రాగానే స్విచ్చి ఆపేస్తే?"

"అప్పుడు గోళీ తిరుగుతూనే ఉంటుంది" అన్నాను. వాడు నా మొహం అనుమానంగా చూశాడు. నిజంగానే తిరుగుతుంది. ఎందుకంటే వాడు ఆ క్షణంలో మోటారు కనిపెట్టాడు. గోతిని సరైన సమయానికి పూడ్చేస్తే గోళీకి ఎక్కి రావాల్సిన పని ఉండదు. పూడ్చే ఆ పనికి కరెంటు ఖర్చవుతుంది.

మన ఇళ్లలోకి ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్లలో ఉన్నది ఇదే. తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు, నిలిచిన భాగంలో తీగ చుట్టలు, ఏ క్షణంలో ఏ చుట్టకు కరెంటు ఇవ్వాలో నిర్ణయించే చిన్న సర్క్యూట్. పాత ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే ఇది 30 వాట్ల దగ్గర సరిపెడుతుంది. అయస్కాంతం ఇక్కడ గొప్ప సేవ చేస్తోంది. పాత మోటారు లోపల వేడిగా వృథా అయ్యే శక్తిని చాలావరకు ఆదా చేస్తోంది. ఆ 30 వాట్లను సున్నా మాత్రం చేయలేదు. గాలిని తొయ్యడానికి కావలసిన శక్తి ఎక్కడి నుంచో రావాల్సిందే.

పద్నాలుగు వందల ఏళ్ల ఆశ

ఆగకుండా తిరిగే చక్రం గురించి మనకు తెలిసిన తొలి రాతలు మన దేశానివే. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రహ్మస్ఫుట సిద్ధాంతం'లో పాదరసం నింపిన ఆకులున్న చక్రాన్ని వర్ణించాడు. 1150లో భాస్కరాచార్యుడు 'సిద్ధాంత శిరోమణి'లో అలాంటి చక్రాన్నే ఇంకొంచెం వివరంగా చెప్పాడు. తేలికైన కర్రతో చేసిన చక్రం, వంపు తిరిగిన బోలు ఆకులు, వాటిలో సగందాకా పాదరసం. ఒక పక్క పాదరసం ఇరుసుకు దూరంగా జారి, ఆ పక్కను బరువెక్కించి చక్రాన్ని తిప్పుతుందని ఊహ. కానీ బరువు దూరంగా ఉన్న పక్కన, ఏ క్షణంలో చూసినా మొత్తం బరువు తక్కువగా ఉంటుంది. రెండూ సరితూగి చక్రం నిలిచిపోతుంది.

అయస్కాంతాన్ని ఈ కలలోకి తెచ్చింది పీటర్ పెరెగ్రినస్ అనే ఫ్రాన్సు దేశస్థుడు. 1269లో ఇటలీలోని లుచేరా కోట ముట్టడిలో ఉంటూ మిత్రుడికి రాసిన ఉత్తరంలో అయస్కాంతపు ధ్రువాల సంగతి తొలిసారి స్పష్టంగా రాశాడు. ఆ ఉత్తరం చివర్లోనే అయస్కాంతంతో ఎప్పటికీ తిరిగే చక్రాన్ని గీశాడు. ధ్రువాల గురించి అంత నిశితంగా చూసిన కన్నే చక్రం దగ్గర పొరబడింది. కాబట్టి ర్యాంపు ముందు కూర్చున్న ఔత్సాహికుణ్ణి తెలివితక్కువవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అతను బ్రహ్మగుప్తుడూ భాస్కరుడూ పెరెగ్రినసూ కూర్చున్న బల్ల దగ్గరే కూర్చున్నాడు.

ఓటమి నుంచి పుట్టిన నియమం

ఈ వరస వైఫల్యాలు వృథా పోలేదు. 1586లో సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ గణితజ్ఞుడు ఒక బొమ్మ గీశాడు. ఒక పక్క నిటారుగా, ఒక పక్క సాగతీతగా ఉన్న త్రికోణపు దిమ్మె మీద 14 గుండ్ల గొలుసు వేలాడుతోంది. సాగతీత పక్కన గుండ్లు ఎక్కువున్నాయి. మరి గొలుసు అటు జారుతూ ఎప్పటికీ తిరుగుతుందా? తిరగదు, అలాంటి కదలిక అసాధ్యం అని ఆయన నిశ్చయంగా అన్నాడు. ఆ ఒక్క మాట నుంచే వాలు తలం మీద బరువులు ఎలా తూగుతాయో నియమం రాబట్టాడు. శాశ్వత చలనం సాధ్యం కాదన్నది అక్కడ ఏడవాల్సిన విషయంగా కాక, లెక్క కట్టే పనిముట్టుగా మారింది.

1775లో పారిస్ లోని రాయల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఇక మీదట శాశ్వత చలన యంత్రాల ప్రతిపాదనలు పరిశీలించబోమని తీర్మానించింది. ఈ వేటలో పడి కుటుంబాలు చితికిపోతున్నాయన్న ఆవేదన కూడా ఆ తీర్మానంలో ఉంది. తర్వాతి శతాబ్దంలో మాంచెస్టరు దగ్గర బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్ కూడా కుర్రతనంలో విద్యుత్ మోటార్ల మీద పెద్ద ఆశలు పెట్టుకున్నాడు. కొలిచి చూస్తే, బ్యాటరీలో కరిగిపోయే జింకు ఖర్చు ఆవిరి యంత్రంలో కాలే బొగ్గు ఖర్చును మించిపోయింది. ఆయన నిరాశపడి వదిలేయలేదు, కొలతలే కొనసాగించాడు. పడే బరువులతో నీళ్లు చిలికి, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో 1840ల్లో లెక్క తేల్చాడు. 1847లో హెల్మ్‌హోల్ట్జ్ శక్తి నిత్యత్వం మీద తన ప్రసిద్ధ వ్యాసాన్ని శాశ్వత చలనం అసాధ్యమన్న మాటతోనే మొదలుపెట్టాడు. 1918లో ఎమీ నోథర్ దీనికి ఇంకా లోతైన కారణం చూపింది. ప్రకృతి నియమాలు నిన్నా నేడూ రేపూ ఒకేలా ఉన్నంతకాలం శక్తి మొత్తం మారదు.

అంటే బడి పుస్తకంలోని ఆ ఒక్క వాక్యం వెనక తిరగని చక్రాలు వందల్లో ఉన్నాయి. వాటిని చేసినవాళ్ల చేతులకు అయిన గాయాలున్నాయి. మనం పిల్లలకు ఆ వాక్యాన్ని అప్పజెప్పించి, ఆ చక్రాలను దాచేస్తున్నాం.

దాగిన చెయ్యి

ర్యాంపు ముందు నిజాయితీగా కూర్చున్నవాళ్ల పక్కనే, ఆ ఆశను అమ్ముకునేవాళ్లూ ఎప్పుడూ ఉన్నారు. 1812లో చార్లెస్ రెడ్‌హెఫర్ అనే ఆయన అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆగని యంత్రాన్ని టిక్కెట్టు పెట్టి చూపించాడు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో చూపిస్తుండగా, ఆవిరి పడవల నిర్మాత రాబర్ట్ ఫుల్టన్ వెళ్లి చక్రం చప్పుడు విన్నాడు. అది సమంగా లేదు, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు హెచ్చుతగ్గులుగా ఉంది. పక్కనున్న సన్న చెక్కలు పీకించాడు. ఒక సన్నని నరపు తాడు గోడలోంచి మేడ మీదికి వెళ్తోంది. అక్కడ ఒక ముసలాయన కూర్చుని పిడి తిప్పుతున్నాడు.

మన కాలంలోనూ ఆ కథ ఆగలేదు. 2006లో స్టియోర్న్ అనే ఐర్లాండు సంస్థ అయస్కాంతాలతో ఉచిత శక్తి సాధించామని 'ది ఎకనామిస్ట్' పత్రికలో ప్రకటన ఇచ్చింది. 2007లో లండన్‌లో జరగాల్సిన ప్రదర్శన రద్దయింది. సంస్థే పిలిచిన నిపుణుల బృందం 2009లో శక్తి పుట్టినట్టు ఆధారం చూపలేదని తేల్చింది.

ఎవరైనా ఇంధనం లేని జనరేటరు, అయస్కాంతంతో ఉచిత కరెంటు అంటూ మీ దగ్గరికి పెట్టుబడికి వస్తే పేటెంటు కాగితం చూసి నమ్మకండి. 1979లో అమెరికాలో హోవర్డ్ జాన్సన్‌కు శాశ్వత అయస్కాంతాల మోటారు మీద పేటెంటు దక్కింది. అయినా అలాంటి మోటారు ఏ ఇంట్లోనూ బల్బు వెలిగించడం లేదు. మన దేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం 3(ఎ) సెక్షను, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన వాటిని ఆవిష్కరణలుగా గుర్తించదు. మీరు అడగాల్సినవి మూడే ప్రశ్నలు. యంత్రం తనంతట తాను ఎన్ని పూర్తి చుట్లు తిరుగుతుంది? బయటి తీగలన్నీ తీసేసి, మూత విప్పి, మా ఎదుట రోజుల తరబడి బల్బు వెలిగిస్తారా? ప్రతి చుట్టు తర్వాత దాన్ని మొదటి స్థితికి తెచ్చేది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా రెండూ అక్కర్లేదు.

గీసిన బొమ్మ

ఊరికి వెళ్లే ముందు రోజు రాత్రి మా వాడు ఆఖరి పరీక్ష చేశాడు. ర్యాంపుకు ముందు, అయస్కాంతాల పట్టుకు అందనంత దూరంలో చిన్న జారుడు దిమ్మె, ర్యాంపుకు అవతల అంతే దూరంలో ఎదురు ఎక్కుడు దిమ్మె పెట్టాడు. ఇటు గోళీని వదిలిన ఎత్తు దగ్గర పెన్సిల్‌తో గీత గీశాడు. అటు గోళీ ఎక్కిన ఎత్తు దగ్గర ప్రతిసారీ ఇంకో గీత. వాలు మార్చి, కోణం మార్చి, అయస్కాంతాలు పెంచి, తగ్గించి చూశాడు. అటువైపు గీతలన్నీ ఇటువైపు గీతకు కిందే ఉన్నాయి. అయస్కాంతాలన్నీ తీసేసి, ర్యాంపును బల్లకు చదునుగా పరిచి వదిలినప్పుడు వచ్చిన గీతే అన్నిటికంటే పైన ఉంది.

వాడు చాలాసేపు ఆ గీతల వంక చూశాడు. ఏడుపు మొహం పెట్టలేదు. నోట్‌బుక్కు తీసి యంత్రం బొమ్మ వేశాడు. ర్యాంపు, రెండు వరసల అయస్కాంతాలు, గోళీ, బాణం గుర్తులు. గోళీ చివరి నుంచి మళ్లీ మొదటికి వచ్చే చోట మొదటి రోజు బొమ్మలో ఖాళీ వదిలాడు, అక్కడ ఒక చుక్కల గీత మాత్రమే ఉండేది. ఈసారి అక్కడ ఒక చెయ్యి గీశాడు. ఐదు వేళ్లూ, గోళ్లతో సహా. దాని కింద 'యంత్రంలో భాగం' అని రాశాడు.